మన భవనాల భద్రత: ఈ ఏడాది చేసినవి, చేయాల్సినవి

సభ్యులందరికీ నమస్కారం. మిగతా కార్యక్రమాలు ఎప్పట్లాగే జరిగాయి కాబట్టి వాటి గురించి సాగదీయను. ఈ ఏడాది కమిటీ బుర్ర తినేసిన పని ఒక్కటే, మన హాలునీ లైబ్రరీనీ ఎవరూ పగలగొట్టకుండా, తగలబెట్టకుండా చూసుకోవడం.

అందరూ మొదట అడిగింది సీసీ కెమెరాలే. పెట్టాం. కానీ కెమెరా నిప్పు పెట్టినవాణ్ని చూపిస్తుందేమో గానీ మంటను ఆర్పదు కదా. పైగా అలాంటివాడు చాలాసార్లు పెట్రోలు మోసుకుని రాడు, అక్కడే దొరికిన చెత్తనో అట్టపెట్టెలనో అంటించి పోతాడు. హాలు వెనక మనం పేర్చింది చూస్తే భయమేసింది: విరిగిన కుర్చీలు, ఫంక్షన్లలో మిగిలిన థర్మాకోల్, ఎవరిదో తెలియని పాత పరుపు, సరిగ్గా వాటి పైన కిటికీ. వేడికి అద్దం పగిలితే మంట నేరుగా లోపలికే. అదంతా తీయించేశాం. చెత్తడబ్బాలను గోడకు 6 మీటర్ల దూరంలో గొలుసేసి కట్టాం. అంత దూరం నడవాలా అని కొందరు విసుక్కున్నారు, విసుక్కోనివ్వండి.

లైబ్రరీ తలుపుకి పుస్తకాలు వేసే కంత ఉంది. అందులోంచి మండే కాగితం పడేస్తే చాలు, అందుకే దాని వెనక మూతున్న ఇనుప పెట్టె బిగించాం. ఇది మరీ అతి అన్నవాళ్లకు ఒక మాట. 2008లో సియోల్‌లోని సుంగ్నేమున్ ద్వారాన్ని, వందల ఏళ్ల నాటి కట్టడాన్ని, భూమి పరిహారం మీద కోపంతో ఒకాయన థిన్నర్ పోసి తగలబెట్టాడు. రాత్రిపూట అక్కడ కాపలా మనిషే లేడు. తిరిగి తెరవడానికి 2013 దాకా పట్టింది.

కమిటీలో అసలు గొడవ వెనక తలుపు దగ్గర వచ్చింది. రాత్రిళ్లు కుర్రాళ్లు దూరుతున్నారు, గొలుసేసి తాళం వేద్దామని సగం మంది. లోపల జనం ఉండగా నిప్పు అంటుకుంటే ఆ తాళమే ప్రాణాలు తీస్తుందని మిగతా సగం. చివరికి లోపలి నుంచి తోస్తే తెరుచుకునే, బయట పిడి లేని తలుపు పెట్టించాం. ఖర్చు ఎక్కువే, కానీ ఈ విషయంలో బేరం ఉండకూడదని నా అభిప్రాయం. దయచేసి దానికి అడ్డంగా సౌండ్ బాక్సులు పెట్టకండి.

గోడల మీద రాతల సంగతి: కనిపించిన మర్నాటికల్లా చెరిపేస్తున్నాం. రాసినవాడికి కావాల్సింది నలుగురూ చూడటమే, అందుకని ఫొటో తీసి కమిటీకి పంపండి గానీ వాట్సాప్‌లో తిప్పకండి.

స్టేజీ తెర వెనక దాక్కున్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌ను తలుపు పక్కకు మార్చాం. దాని మీదున్న ప్రెజర్ మీటరు ముల్లు పచ్చ గీతలోనే ఉందా లేదా అని నెలనెలా చూస్తున్నాం.

ఇంకా మిగిలినవి: షెడ్డు దగ్గర మనిషి కదిలితే వెలిగే లైటు, కిటికీలు కనబడనివ్వకుండా పెరిగిన పొదలు కొట్టించడం. హాలు తాళంచెవులు పాత కమిటీ సభ్యుల దగ్గర ఇంకా ఉన్నాయి. ఎవరి దగ్గరున్నాయో వాళ్లకు తెలుసు, ఈ నెలలోపు ఇచ్చేయండి, లేకపోతే తాళాలన్నీ మార్చాల్సి వస్తుంది.