అటక మీది పెట్టెలు అమ్మకండి

లీడ్స్,
16 నవంబరు 2025

నాన్నగారికి,

సుధ నమస్కరించి రాసేది. నేనిక్కడ క్షేమం. మీరు, అమ్మ, చిన్నాడు, పద్మత్త అంతా క్షేమమని తలుస్తాను.

ఇక్కడ సాయంత్రం నాలుగు దాటితే చీకటి పడిపోతోంది. హీటరు వేసుకునే ఉంటున్నానని, బిల్లుకు జడిసి కట్టేయడం లేదని అమ్మకి చెప్పండి. ఆఫీసులో అంతా మామూలే. మార్చి దాకా ఈ ప్రాజెక్టు వదలదు, అందుకని సంక్రాంతికి రాలేను. ఫోనులో ఈ మాటంటే అమ్మ 'సరేలేమ్మా' అని వెంటనే ఫోను మీకిచ్చేస్తుంది. కాగితం మీదైతే నిదానంగా చదువుకుంటుందని రాస్తున్నాను. ఏప్రిల్లో వచ్చి మూడు వారాలుంటాను. ఆ సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను.

అసలు సంగతి ఇది. అటక మీది పుస్తకాల పెట్టెలు దించి పాతపేపర్లవాడికి తూకానికి వేసేద్దామంటున్నారని చిన్నాడు చెప్పాడు. వెయ్యకండి నాన్నగారూ. చెదలు పట్టినవేమైనా ఉంటే తీసి పారేయించండి. మిగతావి ఎండలో వేయించి మళ్లీ సర్దించండి, కూలి డబ్బులు నేను పంపిస్తాను. 'ఈ రోజుల్లో ఎవడు చదువుతున్నాడురా' అన్నారట వాడితో. అది విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. మన అద్దె పుస్తకాల కొట్టు మూసిన రోజు కూడా మీరు ఆ మాట అనలేదు.

చదువుతున్నారు. నేను రోజూ చూస్తున్నాను. ఇక్కడ హెడ్‌రో అనే పెద్ద వీధిలో సెంట్రల్ లైబ్రరీ ఉంది, 1884 నాటి కట్టడం. శనివారం పొద్దున తలుపులు తీసేసరికే బయట జనం నిలబడి ఉంటారు. డిపాజిట్ లేదు, అద్దె లేదు. మీకు నచ్చే సంగతొకటి చెప్తాను. లైబ్రరీల నుంచి జనం పుస్తకాలు పట్టుకెళ్లినందుకు, ఎన్నిసార్లు వెళ్లాయో లెక్కగట్టి ప్రభుత్వం ఆ రచయితకు డబ్బిస్తుంది. సారికి కొద్ది పెన్నీలే. 1979లో దానికి చట్టం చేశారు. పేరున్నవాళ్లే అంతా పట్టుకుపోకుండా మనిషికి ఏడాదికి 6,600 పౌండ్లు దాటనివ్వరు. ఇది చదివిన రోజు మీతో చెప్పాలని ఎంత అనిపించిందో. అప్పుడు మీకు అర్ధరాత్రి.

కొత్త పుస్తకం కావాలంటే పేరు రాయించుకుని వారాల తరబడి కాచుకోవాలి. అలా తెచ్చుకుని చదివినవాటి గురించి మీ నోటుబుక్కు పద్ధతిలోనే రాస్తున్నాను, ఏది ఎవరి చేతికివ్వాలో అని.

ముందు డిటెక్టివ్‌లు. 'ద థర్స్‌డే మర్డర్ క్లబ్' అని రిచర్డ్ ఆస్మన్ అనే టీవీ ఆయన 2020లో రాశాడు. కెంట్‌లో రిటైరైనవాళ్ల కాలనీ. అందులో డెబ్బై దాటిన నలుగురు గురువారం గురువారం కూర్చుని, పోలీసులు తేల్చలేక వదిలేసిన పాత హత్య కేసులు తిరగేస్తుంటారు. ఒకావిడ గూఢచారి శాఖలో చేసింది, ఒకావిడ నర్సు, ఒకాయన యూనియన్ నాయకుడు, ఇంకొకాయన మానసిక వైద్యుడు. అంతలో ఆ కాలనీ కట్టిన మేస్త్రీనే ఎవరో చంపేస్తారు. హత్య సంగతి నాకు అంతగా పట్టలేదు. చివర్లో ముడులు మరీ ఎక్కువైపోయాయి, మన కొమ్మూరి రాసిన డిటెక్టివ్ యుగంధర్ కథల్లో ఉండే బిగువు లేదు. కానీ ఆ గూఢచారి ఆవిడ భర్తకి మతి తప్పుతూ ఉంటుంది. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా ఆవిడ కాపాడుకుంటూ ఉంటుంది. ఆయన చదరంగం మాత్రం ఇంకా గెలుస్తూనే ఉంటాడు. ఆ పేజీల కోసం పుస్తకం మొత్తం చదవొచ్చు. పోస్టుమాస్టరుగారికి ఇది ఇవ్వాలి. మీ సాయంత్రం నడక బృందం అంతా అందులో ఉన్నారు.

ట్రైనులో ఏ పెట్టెలో చూసినా ఎవరో ఒకరి చేతిలో కనపడేది 'ది హౌస్‌మెయిడ్'. ఫ్రీడా మెక్‌ఫాడెన్ అనే ఆవిడ 2022లో రాసింది, స్వతహాగా డాక్టరు. జైలు నుంచి వచ్చి కారులో పడుకుంటున్న ఒకమ్మాయి గొప్పింట్లో పనిమనిషిగా కుదురుతుంది. అటక మీద గది ఇస్తారు. కిటికీ తెరుచుకోదు, తలుపు గడియ బయటి వైపు ఉంటుంది. ఇంకేం చెప్పను, అమ్మ చదువుతుంది. ప్రతి అధ్యాయమూ వారపత్రిక సీరియల్లాగే సరిగ్గా పట్టుకోవాల్సిన చోట ఆగుతుంది. మన కొట్లో ఉంటే ఒక్కపూట అరలో నిలిచేది కాదు. ఎవరో ఒకరు హంతకుడి పేరు మొదటి పేజీలోనే పెన్సిలుతో రాసిపారేసేవారు, మీరు దాన్ని సిరాతో కొట్టేస్తూ తిట్టుకునేవారు. ఒక్కసారికి బాగుంది. రెండోసారి తెరవబుద్ధి కాలేదు. మల్లాదివి, యండమూరివి పాతవి ఇప్పటికీ మళ్లీ తెరుస్తాను, తేడా ఎక్కడుందో మీరే చెప్పాలి.

కాఫీతోపాటు బీపీ మాత్ర వేసుకుంటున్నారా? డబ్బా వంటింట్లో కాఫీపొడి సీసా పక్కనే పెట్టమని అమ్మకి చెప్పాను. ఇది నా తెలివి కాదు, 'అటామిక్ హ్యాబిట్స్' అని జేమ్స్ క్లియర్ 2018లో రాసిన పుస్తకంలోది. రోజూ ఎలాగూ చేసే పని వెనకాలే కొత్త పని తగిలించమంటాడు, అప్పుడు మరిచిపోరట. అది మాత్రం నిజం, నా ఐరన్ మాత్రలు అలాగే గాడిలో పడ్డాయి. అయితే రోజుకు ఒక్క శాతం మెరుగైతే ఏడాదికి 37 రెట్లు అవుతారని ఒక లెక్క వేస్తాడు. చక్రవడ్డీ మనుషులకు అలా పనిచేయదు నాన్నగారూ. జ్వరాలు ఉంటాయి, చావులు ఉంటాయి, ఏమీ చేయబుద్ధికాని నెలలు ఉంటాయి. ఆ లెక్కలో వాటికి చోటు లేదు. 'విజయానికి ఐదు మెట్లు' మన దగ్గర ఎన్ని కాపీలు నలిగాయో గుర్తుంది కదా. ఆ పిల్లలకు ఇది కూడా ఇవ్వొచ్చు, కానీ నూట యాభై పేజీలు చాలు.

ఇదే అరలో ఆలివర్ బర్క్‌మన్ 2021లో రాసిన 'ఫోర్ థౌజండ్ వీక్స్' ఉంది. ఎనభై ఏళ్ల జీవితమంటే దాదాపు నాలుగు వేల వారాలు, అందులో అన్నీ చేసేయలేం, ఏవి వదులుకోవాలో తెలుసుకోమంటాడు. పద్ధతులు నేర్పే పుస్తకాల మధ్య ఈ మాట చెప్పినవాడు నాకు నిజాయితీపరుడిలా కనిపించాడు. మీ వయసుతో ఆ లెక్క కట్టబోయి పెన్ను పక్కన పెట్టేశాను. ఏప్రిల్ సెలవు అడిగింది ఆ మర్నాడే.

ఇప్పుడు 'ఆర్బిటల్'. సమాంతా హార్వీ రాసింది, 2024లో బుకర్ బహుమతి వచ్చింది. నూట నలభై పేజీలు కూడా ఉండదు. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు, వాళ్ల ఒక్క రోజు, అంతే కథ. ఒక్క రోజులో భూమిని 16 సార్లు చుట్టొస్తారు, 16 సూర్యోదయాలు చూస్తారు. హత్య లేదు, మలుపు లేదు. కింద సముద్రం మీద ఒక తుఫాను ఫిలిప్పీన్స్ వైపు కదులుతూ ఉంటుంది, వీళ్లు ఫోటోలు తీస్తూ ఉంటారు. కథ నడవడం లేదని చాలామంది విసుక్కున్నారు. మొదటి ముప్ఫై పేజీలు నేనూ కష్టపడే చదివాను.

అందులో చియే అనే జపాన్ అమ్మాయి ఉంది. తను పైన ఉండగా ఇంటి దగ్గర వాళ్లమ్మ పోతుంది. దిగి రావడానికి లేదు. అంత్యక్రియలకు అందదు. తోటివాళ్లు దగ్గరికొచ్చి ఏదో అంటారు, ఆమె మళ్లీ తన పని చూసుకుంటుంది, ఎలుకల మీద ప్రయోగాలు ఉంటాయి, వాటి సంగతి చూడాలి కదా. జపాన్ మాత్రం మాటిమాటికీ కిటికీలోకి వస్తుంది, వెళ్లిపోతుంది.

నాయనమ్మ పోయినప్పుడు మీరు నాకు పొద్దున్న చెప్పారు. రాత్రి పోయిందని, అప్పుడే చెబితే ఒంటరిగా ఏమైపోతానోనని తెల్లారేదాకా ఆగారని చిన్నాడు తర్వాత చెప్పాడు. ఆ రోజు నేను ఆఫీసుకి వెళ్లాను. వెళ్లానని అమ్మ చాలా రోజులు బాధపడింది, రాతిగుండె అయిపోయిందనుకుంది. ఇంట్లో కూర్చుంటే గోడలు తప్ప ఏమున్నాయమ్మా, అందుకే వెళ్లాను. అప్పుడు దాన్ని చెప్పడానికి నాకు మాట దొరకలేదు. ఈ పుస్తకంలో దొరికింది. అందుకే ఇది ఏ కస్టమరుకీ ఇవ్వను, అమ్మకి నేనే పక్కన కూర్చుని చదివి అర్థం చెప్తాను.

మరో మాట. ఎంతసేపూ పుస్తకాలేనా, మనుషుల్లో తిరగవా అంటోంది అమ్మ. తిరుగుతున్నాను. ఈ పుస్తకాల్లో సగం ఆఫీసులో పక్క సీటు పోలండ్ అమ్మాయి చెబితేనే తెచ్చుకున్నాను, చదివాక ఇద్దరం లంచ్‌లో దెబ్బలాడుకుంటాం. పెళ్లి సంగతి ఏప్రిల్లో మాట్లాడుకుందాం, ఈలోగా కాకినాడ వాళ్లకి ఏ మాటా ఇవ్వకండి.

కథల పుస్తకం ఒకటి ఉంది, మీరు తప్పక చదవాలి. కన్నడంలో బాను ముష్తాక్ గారు రాసిన పన్నెండు కథలు, దీపా భస్తి ఇంగ్లీషులోకి తెచ్చారు, పేరు 'హార్ట్ ల్యాంప్'. ఈ ఏడాది ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. కథల సంపుటికి ఆ బహుమతి రావడం ఇదే మొదలు. అచ్చు వేసింది మాకు దగ్గర్లోని షెఫీల్డ్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ. పేరు పెట్టిన కథలో ఒకావిడ మొగుడి మీద విసిగి పసిదాన్ని ఎత్తుకుని పుట్టింటికి వస్తుంది. అన్నదమ్ములు ఆమెను కారులో ఎక్కించి తిరిగి అత్తింట్లో దింపేస్తారు. పరువు పోతుందని. చదువుతుంటే మన వీధిలో ఎన్ని ఇళ్లు గుర్తొచ్చాయో. టైపిస్టు రమణమ్మగారికి ఇది ఇచ్చేవారు మీరు, అద్దె కూడా తీసుకోకుండా.

ఇక అరుంధతీ రాయ్ ఈ సెప్టెంబరులో తెచ్చిన 'మదర్ మేరీ కమ్స్ టు మీ'. వాళ్లమ్మ మేరీ రాయ్ గురించి. కొట్టాయంలో 1967లో బడి పెట్టిన మనిషి, సిరియన్ క్రైస్తవ ఆడపిల్లలకు తండ్రి ఆస్తిలో సమాన వాటా ఉందని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచిన మనిషి. బయట అంత చేసినావిడ ఇంట్లో పిల్లల్ని మాటలతో కాల్చేది. అరుంధతి పద్దెనిమిదో ఏట ఇంటికి వెళ్లడం మానేసింది. 2022లో తల్లి పోతే తను ఎందుకింత కుప్పకూలిందో తనకే తెలియక ఈ పుస్తకం రాసింది. తల్లి ఆస్తమాతో ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆమె బదులు తను ఊపిరి పీల్చాలని చూసే పసిపిల్లను నేను మర్చిపోలేను. రాజకీయాలు వచ్చినచోట కొంచెం సాగింది, మీకు అవే నచ్చుతాయేమో. కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ 'నిర్జన వారధి' దీని పక్కన పెట్టి చూశాను. తొంభై దాటాక రాసుకుని కూడా ఎవరి మీదా కక్ష లేకుండా రాసిందావిడ. నా ఓటు ఇప్పటికీ ఆ పుస్తకానికే. అది ఏ పెట్టెలో ఉందో చూడండి, అట్ట మీరే వేశారు, మైదా జిగురులో మైలతుత్తం కలిపి. అందుకే దానికి పురుగు పట్టి ఉండదు.

మా మేడ మీద ఉండే గుంటూరు వాళ్ల అత్తగారు డిసెంబరు మొదటి వారంలో ఇండియా వెళ్తున్నారు. 'హార్ట్ ల్యాంప్', అరుంధతిది ఆవిడ చేతికిచ్చి పంపిస్తున్నాను, ఇవి కొన్నవే, లైబ్రరీవి కావు. చిన్నాడిని గుంటూరు పంపి తెప్పించుకోండి. కళ్లజోడు పవరు మార్పించుకోకుండా మాత్రం చదవకండి, అక్షరాలు చిన్నవి. చదివాక ఎవరికిస్తారో నోటుబుక్కులో రాసి ఆ పేజీ ఫోటో తీసి పంపండి.

అమ్మకి: గోంగూర ఇంకా సగం సీసా ఉంది, ఆవిడతో పచ్చళ్లు పంపొద్దు, బరువు మోయలేరు. మోకాలికి ఆ పట్టీ రాత్రిళ్లు తీసేసి పడుకోమన్నాడు డాక్టరు, గుర్తుంచుకో.

ఇట్లు,
మీ సుధ