బీపీ చూశారు, షుగర్ చూశారు... బరువు ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వృద్ధుల వైద్య శిబిరం వార్త వేశారు. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకుందామనుకున్నాను గానీ, ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచీ మనసు ఒప్పడం లేదు. వరసగా నిలబడ్డ అధికారులూ నాయకులూ అందరూ కలిసి ఒక ముసలమ్మకి ఒక అరటిపండు అందిస్తున్నారు. ఆవిడ గాజులు మోచేతి దాకా జారిపోయాయి, దవడలు పీక్కుపోయాయి. బీపీ, షుగర్ పరీక్షలు చేశామని కింద గొప్పగా రాయించుకున్నారు. బరువు తూచినట్టు ఒక్క ముక్క లేదు. తూస్తే కదా రాయడానికి!

ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చిక్కిపోతే "వయసు మీద పడింది కదా" అనేసి ఊరుకుంటాం. వయసుతో కొంత కండ తగ్గే మాట నిజమే. కానీ అరవై కిలోల మనిషి ఆరు నెలల్లో, తగ్గాలని అనుకోకుండానే యాభై ఆరుకి దిగితే దాన్ని వయసు ఖాతాలో రాసేస్తే ఎలా? వివిధ దేశాల పోషకాహార నిపుణుల సంఘాలు 2019లో ఇచ్చిన ప్రమాణాల్లో, ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గడం పోషకాహార లోపానికి ఒక ముఖ్యమైన గుర్తు. దాంతోపాటు తిండి తగ్గిందా, లోపల ఏదైనా జబ్బు ఉందా అని చూడాలి. లావుగా ఉన్నవాళ్ళకీ ఇదే లెక్క, ఇది మాత్రం ఎవరికీ ఎక్కదు.

మా మేనత్త మొదట్నుంచీ పుష్టిగా ఉండే మనిషి. పళ్ళు ఊడాక చారన్నం, టీలో ముంచిన బిస్కెట్లతో నెట్టుకొస్తూ జాకెట్లన్నీ కుట్లు బిగించుకునే దాకా వచ్చింది. బెంగళూరులో ఉన్న కొడుక్కి వీడియో కాల్‌లో మొహమే కనిపిస్తుంది, "బానే ఉన్నావుగా అమ్మా" అంటాడు. క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరు గారు "తగ్గారా, షుగర్‌కి మంచిదే" అని మెచ్చుకుని బి కాంప్లెక్స్ రాశారు. అక్కడ తూకం మిషన్ లేక కాదు, ఉంది, దాని మీద ఫైళ్ళ కట్టలున్నాయి. ఇంకోచోట ఆల్బుమిన్ పరీక్ష (రక్తంలో ఉండే ఓ ప్రోటీన్ లెక్క) చేసి నార్మల్ అన్నారు. ఆ ఒక్క పరీక్షతో పోషకాహార లోపం ఉందనీ లేదనీ తేల్చలేమని వాళ్ళకి నేను చెప్పాలా?

దీనికి స్కానింగులూ గీనింగులూ అక్కర్లేదు. పెద్దవాళ్ళ పోషణ ఎలా ఉందో చూడ్డానికి డాక్టర్లు వాడే చిన్న ప్రశ్నల పట్టీ ఒకటుంది. మూడు నెలల్లో తిండి తగ్గిందా, బరువు తగ్గారా, మంచం దిగి తిరుగుతున్నారా, ఈమధ్య పెద్ద జబ్బో పెద్ద దిగులో వచ్చిందా, మతిమరుపు గానీ కుంగుబాటు గానీ ఉందా, చివరికి ఎత్తూ బరువూ... ఆరంటే ఆరు ప్రశ్నలు, మొత్తం 14 మార్కులు. 7 లేదా అంతకన్నా తక్కువ వస్తే పోషకాహార లోపం కింద లెక్క, 8 నుంచి 11 వస్తే ఆ ముప్పు ఉన్నట్టు. మనిషి నిలబడలేక ఎత్తూ బరువూ చూడ్డం కుదరకపోతే, వాటి బదులు పిక్క చుట్టూ టేపు పెట్టి 31 సెంటీమీటర్లు ఉందో లేదో చూస్తే చాలు. అంగన్‌వాడీలో చంటిపిల్లల జబ్బకి టేపు చుట్టి చూస్తున్నారుగా, తాతల పిక్కకి చుట్టడానికి ఏం అడ్డొచ్చింది? 2017-18లో కేంద్రం చేయించిన సర్వేలోనే అరవై దాటినవాళ్ళలో 27 శాతం మంది ఉండాల్సినదానికన్నా తక్కువ బరువున్నారని తేలింది. పోషకాహార పరిశోధనకి దేశంలోనే పెద్ద సంస్థ 1958 నుంచీ హైదరాబాద్‌లోనే ఉంది. ఏం లాభం, మన ఊరి క్యాంపు దాకా ఒక టేపు రాలేదు.

మనుషులు లేరంటారా? ప్రతి నెలా 1వ తేదీన సచివాలయం ఉద్యోగులు తెల్లారేసరికి పింఛను పట్టుకుని గుమ్మంలోకి వస్తున్నారు. మంచి పని, కాదనను. వేలిముద్ర పడకపోతే ఇంకో వేలు, అదీ కాకపోతే మొహం ఫోటో... మనిషి బతికున్నాడని రుజువు చేసుకోవడానికి అంత ఓపిక ఉన్న ప్రభుత్వానికి, ఆ మనిషి రెండు పూటలా తింటున్నాడో లేదో అడిగే తీరిక లేదా? ప్రతి నెలా వద్దు, మూడు నెలలకోసారి ఏఎన్ఎం వెంట వెళ్ళి తూచి, పింఛను పుస్తకంలోనే ఆ అంకె వేస్తే చాలు. తగ్గుతుంటే ఇంట్లోవాళ్ళకైనా కనబడుతుంది.

ఇది చదివి మళ్ళీ ఓ కొత్త యాప్ మాత్రం పెట్టకండి మహాప్రభో, ఏఎన్ఎంల ఫోన్లలో ఉన్నవి చాలు. మీ విలేకరికి కూడా ఓ మాట చెప్పండి, ఈసారి క్యాంపుకి వెళ్తే ఎంతమందిని తూచారో అడిగి ఆ అంకె వెయ్యమనండి. అరటిపళ్ళ ఫోటో లేకపోయినా ఫర్వాలేదు.

- ఓ పాఠకుడు, తణుకు