ఛాసిస్ నంబరు మీద గ్రైండర్ పడింది, తప్పు నాదే

అనంతపురం గుత్తి రోడ్డులో మా గ్యారేజీకి పాత పికప్‌లు, జీపులు తెచ్చే అన్నలందరికీ నమస్తే. ఈ సంగతి మీరు ఇంకొకరి నోట వినకముందే నేనే చెప్పాలని రాస్తున్నా.

పోయిన నెల తాడిపత్రి నుంచి ఒకాయన వాళ్ల నాయన నడిపిన టాటామొబైల్ పికప్ తెచ్చినాడు, టింకరింగు, పెయింటింగు కోసం. ఆర్సీలో 1992 మోడల్. కుడిపక్క ముందు చక్రం దగ్గర ఛాసిస్ మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తావుంటే మా పిల్లోడు గ్రైండర్ పెట్టినాడు. నంబరు కొట్టి ఉండేది సరిగ్గా అక్కడే. వాడికి చూపించి, దాని మీద టేపు వేయించాల్సింది నేను. వేయించలేదు. సుద్దముక్క రుద్ది, తుడిచి, టార్చి పక్కవాటుగా కొట్టి చూస్తే ఆర్సీలో 8 ఉన్నచోట ఇనుము మీద 3 కనబడతా ఉంది.

అప్పుడే ఇంకో తప్పు చేసినా. ఫోన్లో ఛాసిస్ నంబరు విడమరిచే యాప్‌లో కొట్టి చూస్తే ఈ నంబరు చెల్లదని వచ్చింది. ‘నంబరు తేడాగా ఉందే’ అని ఆయన ముందరే అనేసినా. మా నాయన దొంగబండి కొన్న్యాడా ఏమని ఆయనకు ఆ రాత్రి నిద్ర లేదంట. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

నంబరులో తేడా ఏమీ లేదు. ఆ యాప్‌లు 17 అక్షరాల నంబర్ల కోసం చేసినవి. అమెరికాలోనే అది 1981 మోడళ్ల నుంచి వచ్చింది. అంతకుముందు ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. అక్కడి 1974 షెవర్లే పికప్ నంబరు ‘సీసీవై144’ అని మొదలైతే, మొదటి సీ అంటే షెవర్లే, రెండో సీ అంటే రెండు చక్రాల డ్రైవ్ (నాలుగు చక్రాలదైతే కే), వై ఇంజను, 1 అరటన్ను బండి, 4 పికప్ బాడీ, చివరి 4 సంవత్సరం. వాటి వెనకాల వచ్చేవీ మొత్తం కలిపి 13 అక్షరాలే. ఈ టాటామొబైల్ లాంటి మన పాత టాటా బండ్లకూ సొంత లెక్కే: ముందు మోడల్ అంకెలు, నడుమ అక్షరాలు, చివర వరుస నంబరు.

17 అక్షరాల బండి అయితే చదవడం సులువు. మొదటి మూడూ కంపెనీవి: ఎంఏటీ టాటా, ఎంఏ1 మహీంద్రా. పదోది చాలా బండ్లలో సంవత్సరం: వై అంటే 2000, 1 నుంచి 9 దాకా 2001–2009, ఏ అంటే 2010. ఐ, ఓ, క్యూ వాడరు. అందుకే ‘ఓ’ లాగా కనబడితే అది సున్నానే.

ఆయన ఇంట్లో బీరువా వెతికితే పాత లోను కాగితాల్లో పెన్సిల్ ప్రింటు (నంబరు మీద పెన్సిల్ రుద్ది సెల్లోటేపుతో ఎత్తిన అచ్చు) దొరికింది. సెల్లోటేపు పచ్చబడింది గానీ 8 మాత్రం రెండు సున్నాలు పేర్చినట్టు నిండుగా ఉంది. గ్రైండర్ దాని ఎడమ అంచును తినేసింది, అందుకే 3 అయింది. ఆ ప్రింటు, ఆర్సీ, తప్పు మాదేనని నేను రాసిచ్చిన కాగితం కలిపి రవాణా ఆఫీసులో ఇచ్చినాము. వాళ్ల అనుమతి లేకుండా ఆ నంబరు మీద పంచ్ పెట్టి మళ్లీ కొట్టే హక్కు మాకు లేదు, కొట్టము కూడా. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అయ్యేదాకా ఆయన దగ్గర కూలి తీసుకోను, తిరుగుడు ఖర్చులూ నావే.

ఇకమీదట ఏ బండి వచ్చినా మొదట మీ ముందరే రెండు పెన్సిల్ ప్రింట్లు తీస్తాం. ఒకటి మీకు, ఒకటి మా ఫైలుకు. ఆర్సీతో పోల్చుకున్నాక నంబరు మీద గ్రీజు పూసి, టేపు వేసి, అప్పుడే పని మొదలుపెడతాం. దీనికి డబ్బు తీసుకోం. దీనివల్ల పని ఒక పూట ఆలస్యమైతే ఓపిక పట్టండి.

ఇప్పుడు షెడ్డులో ఉన్న రెండు జీపులకూ, ఒక పికప్‌కూ నిన్ననే ప్రింట్లు తీసినాము. ఆ బండ్ల వాళ్లు ఆదివారం లోపల వచ్చి మీ ఆర్సీతో సరిచూసుకోండి. మీరు చూసి సరే అన్నాకే పెయింటు వేస్తాం.