వార్షిక నివేదిక: యువ జాజ్ బృందం ఎదుగుదల, సాంస్కృతిక పర్యటన

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం తరువాత సంఘం చేపట్టిన పనుల వివరాలను ఈ నివేదిక ద్వారా మీ ముందుంచుతున్నాను. ఈ ఏడాది మన శ్రమలోనూ ఖర్చులోనూ అధిక భాగం యువ జాజ్ బృందానికీ, దాని విదేశీ పర్యటనకూ వెచ్చించాం కాబట్టి నివేదికలోనూ వాటికే పెద్దపీట వేశాను.

ట్రంపెట్, టెనర్ శాక్సోఫోన్, గిటారు, పియానో, డబుల్ బాస్, డ్రమ్స్‌తో కూడిన ఈ బృందంలో మొదటినుంచీ ప్రతిభకు లోటు లేదు. లోటల్లా ఒకరి వాద్యాన్ని మరొకరు వినకపోవడంలోనే ఉండేది. ఒకరు సోలో అందుకుంటే మిగిలినవారు తమ వంతు కోసం ఎదురుచూసేవారు. వంతు రాగానే ఇంట్లో సాధన చేసి తెచ్చుకున్న పదబంధాలను కుమ్మరించేవారు. శిక్షణ బాధ్యత తీసుకున్న సభ్యులు దీనికి మూడు కట్టడులు పెట్టారు. పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల) బ్లూస్ పాటలో ఎవరూ ఒక కోరస్‌కు, అంటే ఆ పన్నెండు బార్ల ఒక చుట్టుకు మించి వాయించకూడదు. తరువాతివారు తమ సోలోను ముందువారు ఆపిన చివరి పదబంధంతోనే ఎత్తుకోవాలి. అలాగే, మైకు లేని డబుల్ బాస్ అందరికీ స్పష్టంగా వినిపించే దాకా డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లతోనే వాయించాలి. కొన్ని నెలలపాటు ఈ పద్ధతి వారికి విసుగు పుట్టించిన మాట వాస్తవమే. అయితే పోటీల్లో వచ్చిన బహుమతుల కన్నా ఈ విసుగును ఓర్చుకోవడమే బృందాన్ని పైకి తెచ్చిందని కార్యవర్గం నమ్ముతోంది. విదేశీ ఆహ్వానం వచ్చింది కూడా ఆ తరువాతే.

పర్యటనకు ముందు జరిపిన శ్రవణ గోష్ఠులలో జాజ్‌కూ దౌత్యానికీ ఉన్న పాత సంబంధాన్ని బృందం చేత చదివించాం. అమెరికా విదేశాంగ శాఖ 1956లో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ బృందాన్ని ఇరాన్, పాకిస్తాన్, లెబనాన్, సిరియా, టర్కీ, యుగోస్లావియా, గ్రీసు దేశాలకు పంపింది. ఈ ఆలోచనను ముందుకు నెట్టినవారిలో అమెరికా చట్టసభ (కాంగ్రెస్) సభ్యుడు ఆడమ్ క్లేటన్ పావెల్ జూనియర్ ముఖ్యుడు. నల్లవారూ తెల్లవారూ కలిసి వాయించిన ఆ బృందానికి సంగీత దర్శకత్వం వహించిన క్విన్సీ జోన్స్ వయసు అప్పటికి 23 ఏళ్లు. ట్రాంబోన్ వాయించినవారిలో మెల్బా లిస్టన్ అనే మహిళ ఉన్నారు. విదేశాల్లో తమ దేశపు సమానత్వానికి గుర్తుగా నిలబడవలసిన ఈ కళాకారులకే స్వదేశంలో దక్షిణాది రాష్ట్రాల హోటళ్లలో చోటు దొరకని కాలమది. బయలుదేరే ముందు అధికారులు చెప్పే ఉపదేశాలు తనకు అక్కర్లేదని గిలెస్పీ నిరాకరించడానికి కారణం అదే. మరుసటి ఏడాది అమెరికాలోని లిటిల్ రాక్ నగరంలో నల్లజాతి విద్యార్థులను పాఠశాలలోకి రానివ్వకుండా అడ్డుకున్నప్పుడు మరో ప్రసిద్ధ జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తమ ప్రభుత్వాన్ని బాహాటంగా తూర్పారబట్టి, సోవియట్ యూనియన్ పర్యటన ఆలోచనను వదులుకున్నారు. ప్రచారానికి పంపిన సంగీతకారులు ప్రచారకులుగా మారకపోవడం వల్లనే ఆ పర్యటనలకు విలువ వచ్చిందని నా అభిప్రాయం.

ఈ చరిత్ర మనకు ఉత్త కాలక్షేపం కాలేదు. ఈ ఏడాది పర్యటన ఖర్చులో కొంత భరిస్తామని ముందుకు వచ్చిన ఒక దాత సంస్థ, విలేకరులకు మన యువకులు చెప్పే సమాధానాలను ముందుగా తమకు చూపాలని షరతు పెట్టింది. కార్యవర్గం చర్చించి ఆ సహాయాన్ని మర్యాదగా తిరస్కరించింది. దానివల్ల పడిన లోటును సభ్యుల విరాళాలతో పూడ్చగలిగాం. ముందుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.

ప్రయాణపు ఏర్పాట్లలో వాద్యాలే అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నాయి. వాద్యాలను తాత్కాలికంగా సరిహద్దు దాటించి సుంకం లేకుండా వెనక్కి తెచ్చుకోవడానికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం తీసుకున్నాం. అందులో రాసిన ప్రతి వస్తువూ తిరిగి రావలసిందే కనుక డ్రమ్స్ స్టాండ్ల దాకా జాబితా రాసి ఎక్కడికక్కడ సరిచూసుకున్నాం. గిటారిస్టు వద్ద ఉన్న పాత గిటారు పక్కలు బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసినవి. ఆ కలప 1992 నుంచి, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. తక్కిన రోజ్‌వుడ్ జాతులతో తయారైన వాద్యాలకు 2019లో లభించిన మినహాయింపు దానికి వర్తించదు. అనుమతి పత్రం కోసం తిరగడం కన్నా వేరే గిటారు తీసుకువెళ్లడమే మేలని తీర్మానించాం. డబుల్ బాస్‌ను అక్కడే అద్దెకు తీసుకోగా, దాని తీగలు పలక నుంచి మరీ ఎత్తులో ఉండడంతో మొదటి కచేరీ నాటికి మన బాసిస్టు వేళ్లు బొబ్బలెక్కాయి. ఇకముందు అద్దె వాద్యాన్ని ఒకరోజు ముందే చేతికి తీసుకోవాలని ఉపసంఘం సూచించింది.

బల్గేరియాలో ఒక సంగీత పాఠశాలలో జరిపిన శిక్షణ తరగతిని ఈ పర్యటనకే తలమానికమని చెప్పాలి. అక్కడి విద్యార్థులను మెప్పించాలని మన డ్రమ్మర్ ఏడు మాత్రల తాళం ఎత్తుకుని దానిని తకిట–తక–తక అని విడదీశాడు. వారు మొహమాటపడుతూనే ఆపి, తమ జానపద నృత్యమైన రచెనిత్సలో ఏడు తక–తక–తకిట అని నడుస్తుందనీ, బరువంతా చివరి మూడు మీద పడుతుందనీ చప్పట్లు కొట్టి చూపారు. అతడు రైడ్ సింబల్ (లయను నడిపే పెద్ద తాళపు పళ్లెం) మీద అలవాటైన స్వింగ్ నడకను ఆ చివరి మూడుకు సర్దడానికి పలుమార్లు ప్రయత్నించి తడబడ్డాడు. చివరకు ఒక విద్యార్థిని అతని పక్కనే కూర్చుని ఎడమచేత్తో స్నేర్ డ్రమ్ మీద ఆ బరువును పట్టి ఇచ్చిన తరువాతే బాస్, పియానో వచ్చి కలిశాయి. నేర్పడానికి వెళ్లినవారు నేర్చుకుంటున్నారని గ్రహించాక ఆ గదిలో బిడియం పోయింది. భోజన విరామాన్ని కూడా ఎవరూ పట్టించుకోలేదు. ఇలాంటి రాకపోకలు కొత్తవేమీ కావు. అమెరికా జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ 1958 పర్యటనలో ఇస్తాంబుల్ వీధి వాద్యకారుల దగ్గర విన్న తొమ్మిది మాత్రల నడక మరుసటి ఏడాదే ఆయన రికార్డులోకి ఎక్కింది.

భాష విషయంలో ఒక జాగ్రత్త బాగా పనికివచ్చింది. అమెరికా ప్రభుత్వ రేడియో అయిన వాయిస్ ఆఫ్ అమెరికాలో 1955లో మొదలైన జాజ్ కార్యక్రమంలో వ్యాఖ్యాత విల్లిస్ కానోవర్ పరాయి భాష వారి కోసం నిదానంగా, తేలిక మాటలతో మాట్లాడేవారు. మనవాళ్లూ వేదిక మీద అదే పద్ధతి పాటించారు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఆతిథ్యం ఇచ్చినవారి ఉత్సాహాన్ని కాదనలేక కచేరీలను ఒకదాని వెనుక ఒకటిగా ఒప్పుకోవడంతో రెండు ఊళ్లలో సౌండ్ చెక్ ముగించి, వాయించి, బస్సెక్కడం తప్ప స్థానిక సంగీతకారులను కలిసే వీలే చిక్కలేదు. ఆ కచేరీలు బాగానే జరిగాయి, పత్రికల్లో మంచి మాటలూ వచ్చాయి. కానీ ఆ ఊళ్ల నుంచి ఈ రోజుకూ మనకు ఒక్క ఉత్తరమూ రాలేదు. సంగీత పాఠశాల విద్యార్థులు మాత్రం తమ రికార్డింగులు పంపుతూనే ఉన్నారు.

కాబట్టి వచ్చే పర్యటనకు కార్యవర్గం ఈ ప్రతిపాదన చేస్తోంది: కచేరీల సంఖ్య తగ్గించి, వెళ్లిన ప్రతి ఊళ్లో కనీసం ఒక పూర్తి రోజు శిక్షణకూ, రాత్రి స్థానికులతో కలిసి అప్పటికప్పుడు వాయించే జామ్ సెషన్‌కూ కేటాయించాలి, అక్కడి బృందాన్ని తిరిగి మన వేదిక మీదకు ఆహ్వానించే ఖర్చును కూడా అదే అంచనాలో చేర్చాలి. ఒకవైపే సాగే పర్యటనను సాంస్కృతిక వినిమయం అనుకోలేం.

తక్కిన కార్యక్రమాలలో, ఏప్రిల్ 30న యునెస్కో అంతర్జాతీయ జాజ్ దినోత్సవం సందర్భంగా బహిరంగ కచేరీ జరిగింది. గ్రంథాలయంలో పాత రికార్డుల జాబితా తయారీ ఇంకా పూర్తి కాలేదు. వినడం వచ్చినంత ఇష్టంగా జాబితాలు రాయడం మనలో ఎవరికీ రాదు కనుక సభ్యుల సాయం అవసరం. తనిఖీ అయిన జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. పర్యటన ప్రతిపాదనపై సర్వసభ్య సమావేశంలో చర్చ, ఓటింగు ఉంటాయి. సవరణలు సూచించదలచినవారు సమావేశానికి ముందే లిఖితపూర్వకంగా కార్యదర్శికి అందజేయవలసిందిగా మనవి.