మామూలు రోజుల విజయనగరానికి ఫొటోలు ఎక్కడ?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఏటా విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. మరునాటి జిల్లా పేజీలను మా ఇంట్లో చాలా ఏళ్ళుగా దాచుకుంటున్నాం. సిరిమాను అనే పొడవాటి మాను చివర ఆసనంలో కూర్చున్న పూజారి గారిని, నేల ఈనినట్టు కదిలే జనాన్ని ఒకే చిత్రంలో పట్టడానికి మీ ఫొటోగ్రాఫర్లు ఎండలో మేడలెక్కి ఎంతసేపు నిలబడతారో నాకు తెలుసు కనుక, వారి శ్రమ మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. అయితే ఆ పండుగకు నెల ముందో నెల తరువాతో, ఏ విశేషమూ లేని ఒక ఆదివారం ఉదయం అవే వీధులు ఎలా ఉంటాయో చూపే ఫొటో ఒక్కటైనా ఎక్కడైనా భద్రంగా ఉందా అన్న ప్రశ్న నన్ను కొంతకాలంగా వేధిస్తోంది. ఆ విషయం మీతోనూ, మీ పాఠకులతోనూ పంచుకోవడానికే ఈ ఉత్తరం.

మా ఊరికి ఫొటోల కొరత ఏమిటని కొందరు అడగవచ్చు. 1713లో పునాది పడిన కోటకు, గంటస్తంభానికి, రాజకుటుంబీకులకు కావలసినన్ని చిత్రాలున్న మాట నిజమే. 1919లో ప్రారంభమైన సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆదిభట్ల నారాయణదాసు గారి రూపం కూడా మనకు తెలుసు. కానీ ఆయన హరికథ చెబుతుంటే ఎదురుగా కూర్చుని విన్నవారు ఎటువంటివారో, చాపలు పరిచేవారో నేల మీదే కూర్చునేవారో, ఆడవాళ్ళకూ పిల్లలకూ చోటు ఎక్కడ ఉండేదో చూపే చిత్రం నా కంట పడలేదు. గురజాడ అప్పారావు గారి ఇల్లు స్మారకంగా నిలిచింది, అది మన అదృష్టం. ఆ ఇంటికి ఇరుగుపొరుగున బతికినవారి అరుగులు, వాకిళ్ళు, ఆ వీధిలో తిరిగిన బళ్ళు ఎలా ఉండేవో ఊహించుకోవలసిందే. 2020లో మూడు లాంతర్ల కూడలిలోని పాత స్తంభాన్ని తొలగించినప్పుడు ఊళ్ళో ఎంతో ఆవేదన వ్యక్తమైంది. అది పేరున్న కట్టడం కనుక దానికి ఫొటోలైనా మిగిలాయి. దాని చుట్టూ పూలు, పండ్లు, గాజులు అమ్ముకుని బతికినవారి కోసం ఎవరూ వెతకలేదు.

ఫొటోగ్రఫీ మొదలైందే మామూలు వీధులతో అన్న సంగతి ఈ సందర్భంలో గుర్తు చేయాలనిపిస్తోంది. నేటికీ నిలిచి ఉన్న ఫొటోల్లో అత్యంత పాతదిగా చెప్పేది, ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన 1826-27 ప్రాంతంలో తన ఇంటి పై అంతస్తు కిటికీలోంచి తీసినది. అందులో రాజూ లేడు, యుద్ధమూ లేదు. పక్క గోడలు, ఇంటి కప్పులు, ఒక చెట్టు మాత్రమే ఉన్నాయి. 1838లో ఫ్రాన్సుకే చెందిన డాగేర్ అనే ఆయన పారిస్‌లోని ఒక వీధిని పైనుంచి ఫొటో తీశాడు. ఆ రోజుల్లో పలక మీద బొమ్మ పడడానికి నిమిషాల తరబడి వెలుతురు తగలాలి కనుక, నడిచిపోతున్న మనుషులు, గుర్రపు బళ్ళు ఏవీ అందులో నిలవలేదు. బూట్లకు పాలిష్ వేయించుకుంటూ కదలకుండా నిలబడిన ఒక మనిషి ఆకారం మాత్రం మిగిలింది. ఫొటోలో కనిపించిన తొలి మనిషి అతడేనని చెబుతారు. అతని పేరు ఎవరికీ తెలియదు. ఆ మరుసటి ఏడాది, అంటే 1839 ఆగస్టు 19న, డాగేర్ పద్ధతిని పారిస్‌లో లోకానికి వెల్లడించారు. ఆ తేదీనే మనం ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు మన ఊళ్ళలో పోటీలు పెట్టి సూర్యోదయాలకు, జలపాతాలకు బహుమతులిస్తే తప్పేమీ లేదు. పక్కింటి గోడకు, సైకిలు షాపుకు కూడా ఆ రోజున ఒక చోటు దక్కాలన్నదే నా కోరిక.

మన పెద్దలు వీధిని ఫొటో తీయకపోవడానికి కారణం అర్థం చేసుకోదగ్గదే. చేతిలో ఆగ్ఫా క్లిక్ కెమెరా ఉన్న ఇంట్లో సైతం రీలుకు పన్నెండు ఫొటోలే వచ్చేవి. తరువాత వచ్చిన చిన్న రీళ్ళలో ముప్పై ఆరు వచ్చినా, కడిగించి ప్రింట్లు వేయించడానికి మళ్ళీ డబ్బు కావాలి. అందువల్ల అన్నప్రాసన, పెళ్ళి, స్కూలు గ్రూపు ఫొటో, స్టూడియోలో తెర ముందు నిలబడి తీయించుకున్న కార్డు సైజు చిత్రం, ఇవే మిగిలాయి. అయినా ఆ కుటుంబ ఫొటోల్లోనే మన వీధి అనుకోకుండా దాగి ఉంది. దయచేసి మీ ఇంటి పాత ఆల్బంలో మనుషుల ముఖాలను చూసిన తరువాత వారి వెనకాల ఏముందో కూడా చూడండి. పెళ్ళికూతురి భుజం పక్కన నూతి గిలక, చేద కనిపిస్తాయి. తాతగారి కుర్చీ వెనక నాటు పెంకుల చూరు, దానికి వేలాడే ధాన్యపు కంకుల కుచ్చు ఉంటాయి. గుమ్మం పక్కన ఎవరిదో సైకిలు, అరుగు మీద ఇత్తడి బిందె, ఎదుటి దుకాణం బోర్డు మీద సగం తెగిన అక్షరాలు ఉంటాయి. ఫొటో తీసినవారు వాటి కోసం తీయలేదు. ఈ రోజు వాటి విలువ ముందున్న మనుషుల విలువకు ఏమాత్రం తీసిపోదు. ఆ నూతులు పూడిపోయాయి, ఆ అరుగులు రోడ్డు వెడల్పులో పోయాయి, పెంకుటిళ్ళ స్థానంలో అపార్టుమెంట్లు లేచాయి. తీరప్రాంతపు ఊళ్ళలో తాటాకు కప్పిన చుట్టిళ్ళు కూడా ఏటికేడు తగ్గిపోతున్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు వచ్చి వెళ్ళాక, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు ఎలా నేలకూలాయో మీ పత్రికలోనే చూశాం. కూలిన తోటల ఫొటోలు వందల్లో ఉన్నాయి. కూలక ముందు ఒక సాధారణ మధ్యాహ్నం ఆ చెట్ల కింద మంచం వేసుకుని పడుకున్నవారి ఫొటోలు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

ఇప్పుడు రీలు ఖర్చు లేదు. దాదాపు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. సెలవు దొరికితే అరకు వెళ్ళాలి, భీమిలి వెళ్ళాలి అని తొందరపడే యువతీయువకులను నేను తప్పుపట్టడం లేదు. నెలకు ఒక్క శని, ఆదివారాలు మాత్రం ఇంటిపట్టున ఉండి, తమ గుమ్మం నుంచి వీధి మలుపు వరకు ఉన్న లోకాన్ని శ్రద్ధగా ఫొటో తీయమని వారిని కోరుతున్నాను. మా తోటపాలెంలోనే ఉదయం కళ్ళాపి చల్లిన వాకిలి ఆరేలోపు వేసే ముగ్గు, ఆ వేళకు పడే ఏటవాలు వెలుతురు ఏ పర్యాటక కేంద్రానికీ తీసిపోవు. ఎండాకాలం చోడంబలి (రాగి అంబలి) కుండతో నీడలో కూర్చునే ముసలమ్మ, తాటి ముంజెలు చెక్కే కత్తి, చలికాలం కాల్చిన తేగల కట్టలు, భీమాళి నుంచి వచ్చే మామిడి తాండ్ర చుట్టూ మూగిన పిల్లలు, పిండిమర దగ్గర డబ్బాల వరుస, బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టుకున్న తోపుడు బండి, వీటన్నిటినీ నేను చూస్తున్నాను కానీ దాచడం లేదు. ఉగాదికి ముందు వచ్చే కొత్తమావాస్యకు మా ప్రాంతంలో ఇళ్ళల్లో జరిగే సందడిని, మా ఊళ్ళకే సొంతమైన ఆ పండుగ తీరును చూపే ఫొటోలు వెతికితే ఎన్ని దొరుకుతాయి? నెల్లిమర్ల జూట్ మిల్లు షిఫ్టు వదిలినప్పుడు రోడ్డంతా నిండిపోయే సైకిళ్ళను కళ్ళారా చూసినవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఆ దృశ్యం వారి మాటల్లోనే తప్ప కాగితం మీద ఎక్కడైనా ఉందేమో వెతకాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పదలచాను. వీధి అందరిదే అయినా, వీధిలోని మనిషి ముఖం ఆ మనిషిదే. కుళాయి దగ్గర బిందె పట్టుకున్న ఆడవాళ్ళను, అరుగు మీద కునుకు తీస్తున్న పెద్దవారిని, ఆడుకుంటున్న పిల్లలను దూరం నుంచి జూమ్ చేసి తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ‘మామ్మగారూ, ఒక ఫొటో తీసుకోవచ్చా’ అని అడగాలి. పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని నమ్మే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు, వారు వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి. తీసిన తరువాత ఒక ప్రింటు వేయించి వారి చేతికి ఇవ్వడం కనీస మర్యాద. మన వీధుల్లో కూరగాయలు, చేపలు అమ్మే చాలామంది వృద్ధులకు ఆధార్ కార్డు మీద ఉన్న ఫొటో తప్ప తమదంటూ మరొకటి లేదు. ఆ ప్రింటుకు వారింట్లో దేవుడి పటాల పక్కన చోటు దొరుకుతుంది.

ఉన్న పాత ఫొటోలను కాపాడుకోవడం అంతకంటే తొందరపడవలసిన పని. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మను నిలిపేది వెండి కనుక, సరిగ్గా కడిగినదైతే అది మన తరాలను దాటి బతుకుతుంది. రంగుల ఫొటోలో ఉన్నవి రసాయన రంగులు. వాటిలో కొన్ని ముందుగా వెలిసిపోవడం వల్లనే 1970లు, 80ల నాటి పెళ్ళి ఫొటోలు ఇప్పుడు ఎర్రబారి కనిపిస్తున్నాయి. మన సముద్రపు గాలి తేమకు ఫొటో మీది జెలటిన్ పొర బూజు పట్టడం, ఫ్రేము అద్దానికి అతుక్కుపోవడం తరచూ జరుగుతుంది. అటువంటి దాన్ని గోళ్ళతో పీకకుండా, అద్దంతో సహా అలాగే నీడలో కిటికీ పక్కన పెట్టి, మెరుపు పడని కోణంలో ముందు ఒక నకలు తీసుకోవాలి. జిగురు పేజీల మీద ప్లాస్టిక్ షీటు కప్పే ఆల్బమ్‌లు ఒకప్పుడు ఎంతో ముచ్చటగా ఉండేవి కానీ, ఆ జిగురే ఫొటోలను పసుపుపచ్చగా మార్చి పాడుచేస్తోంది. వాటిలోంచి వీలైనంత త్వరగా తీసి కాగితపు కవర్లలో పెట్టడం మేలు. నెగిటివ్‌లను ఎవరూ పారేయవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. స్కానరు అందుబాటులో ఉంటే చిన్న ప్రింట్లను 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకు) తక్కువ కాకుండా స్కాన్ చేయించాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే దాని పరిమాణం తగ్గిపోతుంది, లోపల ఉండే తేదీ వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపితే రెండూ నిలుస్తాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైనవి పేర్లు. ఎంత మంచి ఫొటో అయినా అందులో ఉన్నది ఎవరో తెలియనప్పుడు అది మరో ఇంటి సరుకులా మూల పడుతుంది. ఆదివారం భోజనాలయ్యాక, ఇంట్లో అందరూ తీరికగా ఉన్నప్పుడు, ట్రంకు పెట్టెలోని ఫొటోలను అమ్మమ్మ ముందో పెదనాన్నగారి ముందో పరిచి ఒక్కొక్కదాని గురించి అడగండి. ఆ ఇల్లు ఎవరిది, ఆ వీధి కొత్తపేటలోదా దాసన్నపేటలోదా, ఆ చెట్టు ఇప్పుడుందా, ఆ మూల నిలబడిన పాలేరు పేరేమిటి అని అడగండి. పెద్దింటి పిల్లల పేర్లన్నీ గుర్తుండి, ఆ పిల్లలను ఎత్తుకున్న పనిమనిషి పేరు ఎవరికీ గుర్తులేని ఫొటోలు మా బంధువుల ఇళ్ళల్లో చాలా చూశాను. నాకు ఎక్కువ బాధ కలిగించేవి అవే. చెప్పిన వివరాలను పాత కాగితపు ఫొటో వెనక మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్ పెన్ను నొక్కుడు ముందువైపు గాటుగా తేలుతుంది, సిరా పక్క ఫొటోకు అంటుతుంది. తరువాతి కాలపు రంగుల ఫొటోల వెనక నున్నటి పొర ఉండడం వల్ల పెన్సిలు పట్టదు, కనుక వాటికి కవరు మీద రాయాలి. వీలైతే ఆ పెద్దవారు చెబుతుండగా ఫోనులో గొంతు కూడా రికార్డు చేసుకోవచ్చు.

సంపాదకులకు నా విన్నపం ఇది. మీ ఆదివారం జిల్లా సంచికలో వారానికి ఒక్క మూల, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాఠకులు పంపే ఒక పాత వీధి ఫొటోకో, ఈనాటి మామూలు రోజు ఫొటోకో కేటాయించండి. ఎక్కడ, సుమారు ఏ సంవత్సరం, ఎవరెవరు, తీసినదెవరు అన్న వివరాలు, అందులోని వారి అనుమతి ఉంటేనే అచ్చు వేయండి. బహుమతులు పెట్టవద్దు, పెడితే మళ్ళీ అందమైన ఫొటోలే వస్తాయి. పొరపాటు వివరాలను సరిచేసే పాఠకుల ఉత్తరాలకు మరుసటి వారం చోటివ్వండి. దానితో పాటు, డిజిటల్ కెమెరాలు రాకముందు మీ జిల్లా ఫొటోగ్రాఫర్లు తీసి, అచ్చుకాక మిగిలిన నెగిటివ్‌లు కార్యాలయాల్లోనో వారి ఇళ్ళల్లోనో ఉంటే, అవి తేమకు నాశనం కాకముందే వెలికితీయించండి. బస్సు ప్రమాదం ఫొటో వేసినప్పుడు పక్కన పెట్టేసిన బస్టాండు ఫొటో ఈ రోజు మాకు కావాలి. జిల్లా గ్రంథాలయ సంస్థల పెద్దలు కూడా ఈ ప్రయత్నంలో చేయి కలిపి, అసలు ఫొటోలను కుటుంబాల వద్దే ఉంచి, నకళ్ళను మాత్రం వీధుల వారీగా, ఊళ్ళ వారీగా శాఖా గ్రంథాలయాల్లో భద్రపరిచే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. పత్రికలు చదవడానికి వచ్చే పెద్దవారికి ఆ నకళ్ళు చూపిస్తే సగం పేర్లు అక్కడే తెలుస్తాయి.

మీరు ఈ శీర్షిక ప్రారంభిస్తే మొదటి వారాల్లో ఫొటోలు రావేమోనన్న సందేహం అక్కరలేదు. మా పొరుగింటివారి వద్ద పాత అరుగుల వరుస కనిపించే ఒక నలుపు తెలుపు ఫొటో ఉంది. దాని నకలును వారి అనుమతితో, తెలిసినంత వరకు పేర్లు రాసి, మీ జిల్లా కార్యాలయానికి అందజేస్తాను. కుడి చివర గొడుగుతో నిలబడిన ఆయన ఎవరో వారికీ మాకూ తెలియలేదు. మీ పాఠకుల్లో ఎవరైనా గుర్తుపడితే ఆ పేరు కూడా వెనక రాసి తిరిగి ఇస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తోటపాలెం, విజయనగరం.