మన ఆటోనగర్ రబ్బరు షెడ్ల సంఘం 2024–25 వార్షిక నివేదిక: తొలి పురస్కారాలు, వాటి వెనుక పేచీలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

కార్యదర్శి నివేదిక అంటే భోజనాలకు ముందు ఓర్చుకోవలసిన అరగంట అని మన సభ్యుల్లో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. అందుకే ఈసారి సర్వసభ్య సమావేశం కంటే ముందే రాసి పంపుతున్నాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా ఇస్తారు. ఈ ఏడాది మనం ఎక్కువగా మాట్లాడుకున్నదీ, ఎక్కువగా పోట్లాడుకున్నదీ పురస్కారాల గురించే. కాబట్టి నేనూ వాటి గురించే ఎక్కువ రాస్తాను.

అంతకంటే ముందు వరద సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం మీద పడ్డాయి. మన షెడ్లలో పనిచేసేవారిలో చాలామంది ఇళ్లు అటువైపే. మొదటి రెండు రోజులు పడవలు దొరకలేదు. పాత టైర్లకు కొత్త పై పొర అతికించే రీట్రేడింగ్ సభ్యులు గాలి నింపిన లారీ ట్యూబులను నాలుగేసి చొప్పున కట్టి, పైన చెక్క పలక బిగించి, పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు లోపలి వీధులకు తోసుకుంటూ వెళ్లారు. ఆ ట్యూబుల్లో సగం తిరిగి రాలేదు. వాటి లెక్క అడగకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఇళ్లు మునిగిన కార్మికులకు వడ్డీ లేకుండా ఇచ్చిన చేబదుళ్లలో చాలావరకు వసూలయ్యాయి. మిగిలినవాటికి తొందర లేదు.

ఇక పురస్కారాలు. కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు లేచి, "నాటకాలు వేసేవాళ్లకు, పద్యాలు పాడేవాళ్లకు, డాక్టర్లకు, ప్లీడర్లకు సన్మానాలు జరగని వారం బెజవాడలో లేదు. రబ్బరు వాషరు చేసేవాడికి ఎవరైనా శాలువా కప్పారా?" అని అడిగారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టిన అయిదుగురిని కమిటీగా వేశాం. మన రంగంలో పెద్ద గౌరవాలు ఎవరికి, దేనికి ఇస్తున్నారో ముందు తెలుసుకోమన్నాం. వారు తెచ్చిన విషయాలు నేను అనుకున్నదానికంటే ఆసక్తిగా ఉన్నాయి.

రబ్బరు శాస్త్రంలో అన్నిటికంటే పెద్దదిగా చెప్పుకునేది చార్లెస్ గుడ్‌ఇయర్ పతకం. అమెరికన్ కెమికల్ సొసైటీలోని రబ్బరు విభాగం దీన్ని 1941లో మొదలుపెట్టింది. తొలి గ్రహీత డేవిడ్ స్పెన్స్. టైర్ల కంపెనీ ఇచ్చే బహుమతి అనుకున్నవాళ్లు మన కమిటీలోనే ఇద్దరు ఉన్నారు. ఆ కంపెనీ పుట్టింది 1898లో. గుడ్‌ఇయర్ 1860లోనే కన్నుమూశారు. ఆయన మీద గౌరవంతో పేరు పెట్టుకున్నారు తప్ప ఆయనకు అందులో దమ్మిడీ వాటా లేదు.

ఆయన కథ మనలో చాలామందికి సగమే తెలుసు. 1839లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలింది, కరిగి జారిపోకుండా తోలులా గట్టిపడింది. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ పొయ్యి దగ్గర నుంచి పేటెంటు దాకా అయిదేళ్లు పట్టిందన్నది చెప్పరు. ఎంత గంధకం, ఎంత వేడి, ఎంత సేపు అన్నది తేల్చడానికే ఆ కాలమంతా పోయింది. 1844లో పేటెంటు వచ్చింది. అప్పటికీ ఆ తర్వాతా అప్పులు ఆయనను వదలలేదు, జైళ్లూ వదలలేదు. 1855 పారిస్ ప్రదర్శనలో ఆయన రబ్బరు సరుకుకు ఘనమైన పేరు వచ్చింది. ఫ్రాన్సు ప్రభుత్వం ఇచ్చిన లీజియన్ ఆఫ్ ఆనర్ చేతికి అందేసరికి ఆయన అక్కడి అప్పుల జైల్లో ఉన్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. పోయేనాటికి రెండు లక్షల డాలర్ల అప్పు మిగిలింది. ఇది విని మన కోశాధికారి గారు, "మన రంగంలో ఆనవాయితీ అప్పటి నుంచే ఉందన్నమాట" అన్నారు.

ఆయన సొమ్ము పోవడానికి ఒక కారణం మన షెడ్లలో రోజూ కనిపించేదే. గంధకం ఎక్కువైన రబ్బరు మీద నాలుగు రోజులకు తెల్లటి పొడి తేలుతుంది. సరుకు తిరిగి వచ్చినప్పుడల్లా మనం తిట్టుకునే పొడి అది. గుడ్‌ఇయర్ రబ్బరు ముక్కలు ఇంగ్లండు చేరినప్పుడు వాటి మీదా అదే పొడి ఉంది. అక్కడి రబ్బరు తయారీదారు థామస్ హాంకాక్ అది చూశారు, ఇందులో గంధకం ఉందని పట్టేశారు, తానూ ప్రయోగాలు చేసి గుడ్‌ఇయర్ కంటే ముందే అక్కడ పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. గంధకంతో రబ్బరును ఉడికించే ఈ పద్ధతికి వల్కనైజేషన్ అన్న పేరు కూడా హాంకాక్ స్నేహితుడు బ్రాకెడన్ పెట్టిందే. ఇప్పుడు అమెరికాలో ఒకరి పేరు మీద పతకం, ఇంగ్లండులో రెండోవారి పేరు మీద పతకం. కోర్టుల దాకా వెళ్లిన పేచీని పతకాల కమిటీలు ఇలా సర్దాయి.

గుడ్‌ఇయర్ పతకం గ్రహీతల పట్టికలో నన్ను ఆపిన పేరు జార్జ్ ఓయెన్స్‌లేగర్. 1906లో అమెరికాలోని అక్రాన్ ఊరిలో ఉన్న ఒక రబ్బరు కంపెనీలో రసాయనవేత్త. ఆ రోజుల్లో గంధకం ఒక్కదానితో రబ్బరు ఉడకాలంటే గంటలు పట్టేది. అనిలీన్ కొద్దిగా కలిపితే ఆ సమయం బాగా తగ్గుతుందని ఆయన కనిపెట్టారు. అనిలీన్ విషం, పనివాళ్లకు ప్రమాదం. అందుకని దాని నుంచి తయారయ్యే థయోకార్బనిలైడ్‌కు మారారు. మనం ఈనాడు చిన్న గిన్నెలో తూచి వేసే యాక్సిలరేటర్లన్నిటికీ (రబ్బరు త్వరగా ఉడికేలా చేసే మందులకు) వంశమూలం అక్కడే. వ్యాపార రహస్యమని కంపెనీ కొన్నేళ్లు బయటికి చెప్పలేదు. ఆయనకు గుడ్‌ఇయర్ పతకం ఇచ్చింది 1948లో. అంటే పని చేసిన నలభై రెండేళ్లకు. ఇదే పట్టికలో రసాయనవేత్త పాల్ ఫ్లోరీకి 1968లో ఇచ్చారు. నోబెల్ వాళ్లు ఆయనను 1974లో గుర్తించారు. కాబట్టి మన రంగం ఎప్పుడూ ఆలస్యమే అనడానికీ లేదు. ఒక మహిళకు ఈ పతకం దక్కడానికి మాత్రం 2017 దాకా పట్టింది. ఆమె జూడిట్ పుస్కాస్.

మెల్విన్ మూనీ పేరు మీద కూడా అదే విభాగం సాంకేతిక పురస్కారం ఇస్తోంది. 1930లలో ఆయన చేసిన యంత్రం మన పెద్ద కొనుగోలుదార్ల ల్యాబుల్లో ఇప్పటికీ తిరుగుతోంది. వేడి గదిలో రబ్బరు మధ్య ఒక చక్రం నిమిషానికి రెండుసార్లు మెల్లగా తిరుగుతుంది. తిరగడానికి ఎంత బలం కావాలో అదే ఆ రబ్బరు చిక్కదనం. కాంపౌండు, అంటే గంధకం, మందులు కలిపిన రబ్బరు, ఎంతసేపటికి ముందే ఉడకడం మొదలుపెడుతుందో కూడా అది చెబుతుంది. మన షెడ్లలో ఆ పని ఇంకా బొటనవేలు చేస్తోంది.

మన దేశం విషయానికి వస్తే, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో పాఠం చెప్పిన అనిల్ భౌమిక్ గారికి రబ్బరు రసాయనశాస్త్ర బోధనకు ఇచ్చే విట్బీ పురస్కారం వచ్చింది. కొట్టాయం రబ్బరు పరిశోధన సంస్థ 1955 నుంచి పనిచేస్తోంది. అక్కడ తీర్చిన ఆర్‌ఆర్‌ఐఐ 105 రకం చెట్టు పాలతో అయిన షీట్లు మనం తెలియకుండానే ఎన్ని టన్నులు మిల్లులో వేశామో. ఆ చెట్టుకు శాలువా కప్పాలని కమిటీలో ఒకరు ప్రతిపాదించారు. నమోదు చేస్తున్నాను.

ఇదంతా విన్నాక మన నిబంధనలు రాసుకున్నాం. పని జరిగిన ఏడాదిలోనే గౌరవించాలి, నలభై రెండేళ్లు ఆగకూడదు. గమనించినదానికి రాతపూర్వకమైన ఆధారం గాని, చేతిలో పట్టుకుని చూపించగల వస్తువు గాని ఉండాలి. యజమానులు అర్హులు కారు. ఈ మూడోదాని దగ్గర రెండు సమావేశాలు హరించుకుపోయాయి. "యజమానికి ఇవ్వకపోతే చందా ఎవరు ఇస్తారు?" అని ఒకరు, "మా అబ్బాయి యజమాని కాడు, ఇంకా వాటా రాయలేదు" అని మరొకరు. చివరికి ఓటింగు పెట్టాం. నిబంధన నిలిచింది, రెండు చందాలు ఆలస్యమయ్యాయి.

మొదటి పురస్కారం మిల్లు (రబ్బరు కలిపే రోలర్ల యంత్రం) దగ్గర కాంపౌండు కలిపే ఒక పెద్దాయనకు ఇచ్చాం. మే నెలలో మన ఊళ్లో కాంపౌండు పాడవడం కొత్త కాదు. గంధకం, యాక్సిలరేటరు వేశాక రోలర్ల మీదే గడ్డలు కడుతుంది, వేడితో అచ్చుపోసే ప్రెస్సులోకి వెళ్లకముందే సగం ఉడుకుతుంది. స్కార్చ్ అయిందని పక్కన పడేస్తాం. ఎండను తిడతాం, లేకపోతే రసాయనాలు అమ్మినవాడిని తిడతాం. ఈయన తిట్టలేదు, రాసుకున్నారు. మనవడి పాత నోటుపుస్తకం, వెనక అట్ట మీద ఎక్కాలు, ప్రతి పేజీ అంచున రబ్బరులో కలిపే నల్లపొడి కార్బన్ బ్లాక్ వేలిముద్రలు. గీతలు గీసి నాలుగు వరుసలు చేశారు: తేదీ, కలిపిన వేళ, రోలర్ల నుంచి బయటికి వచ్చే నీళ్లు చేతికి ఎలా ఉన్నాయి, మాల్ పోయిందా నిలిచిందా. నీళ్ల వరుసలో మూడే మాటలు: చల్లన, గోరువెచ్చన, మంట.

పోయిన మాల్ దాదాపు అంతా మధ్యాహ్నం తర్వాత కలిపిందే. కారణం షెడ్డు మీది నల్ల ట్యాంకు. రోలర్లను చల్లబరచడానికి లోపల తిప్పే నీళ్లు ఆ ట్యాంకులో ఎండకు కాగి, చల్లబరచడం మానేసి వేడి చేస్తున్నాయి. పది డిగ్రీలు పెరిగితే ఉడికే వేగం సుమారు రెట్టింపు అవుతుందని పుస్తకాలు చెబుతాయి. ఆయన ఆ పుస్తకాలు చదవలేదు. నేల సంపులోంచి నేరుగా నీళ్లు తిప్పమన్నారు, గంధకం, యాక్సిలరేటరు కలిపే పని తెల్లవారుజామున అయిదింటికి మార్చమన్నారు. ఖర్చు ఒక చిన్న మోటారు, కాస్త పైపు. ఆ తర్వాతి పేజీల్లో నాలుగో వరుస నిండా "నిలిచింది" అని ఉంది. నోటుపుస్తకం సంఘం ఆఫీసులో నకలు తీయించి పెట్టాం, ఎవరైనా చూడవచ్చు. పేరు మాత్రం అచ్చు వేయలేదు. పక్క షెడ్లవాళ్లు ఎక్కువ జీతానికి పిలుచుకుపోతారని వారి యజమాని బతిమాలారు. అక్రాన్ కంపెనీ రహస్యం దాచిందని నవ్వుకున్న మనమే ఈ పని చేశాం. నాకు నచ్చలేదు.

రెండో పురస్కారం ట్రిమ్మింగ్ బల్ల దగ్గర కూర్చునే ఒక సోదరికి. వాషర్ల అంచున మిగిలే పొర కత్తిరించడం ఆమె పని. కొన్నింటికి ఆ పొర ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా వస్తోందని ఆమె చెప్పారు. సూపర్‌వైజరు వినలేదు. మూడోసారి ఆమె మాటలు మానేసి, ఒక రోజు ప్రెస్సు దిగిన వాషర్లను మోల్డులో ఉన్న వరుసలోనే బల్ల మీద పేర్చారు. మందం ఎడమ నుంచి కుడికి మెట్లలా పెరుగుతూ పోతోంది. ప్రెస్సు పై పలక ఒకవైపు వంగిందని ఫిట్టరుకు చూడగానే అర్థమైంది. అంతవరకు ఆ యూనిట్ వాపసు వచ్చిన సరుకుకు కార్బన్ బ్లాక్‌ను నిందిస్తూ ఉంది. కార్యక్రమం రోజు ఆమె ఆ వాషర్లను తీగకు గుచ్చి దండలా తెచ్చారు. అన్ని ప్రసంగాలకంటే ఆ దండను ఎక్కువమంది చూశారు.

మూడోది ఖాళీగా ఉంచాం. రీట్రేడింగులో పాత టైర్లు పరీక్షించే ఒక కుర్రవాడి పేరు వచ్చింది. అతని గొప్ప ఏమిటంటే పనికిరాని టైరును పనికిరాదని చెప్పడం. లోపలి పొరలు విడిపోయిన టైరుకు కొత్త ట్రెడ్ అతికిస్తే బయటికి బాగానే కనిపిస్తుంది, హైవే మీద లేచిపోతుంది. అతను సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, సుద్దముక్కతో అడ్డగీత గీస్తాడు. గిరాకీ తిప్పి పంపడం ఘనకార్యం ఎలా అవుతుందని కమిటీలో ఇద్దరు, అదే అసలు ఘనకార్యమని ఇద్దరు. అయిదో సభ్యుడు అదే షెడ్డుకు సరుకు అమ్ముతారు, అందువల్ల తటస్థం. ఇవ్వాలనే నా అభిప్రాయం, వచ్చే కమిటీకి అలాగే రాసి ఇస్తున్నాను.

సంక్రాంతి తర్వాత జరిగిన ప్రదానం బాగానే గడిచింది. ప్రశంసాపత్రాల్లో "రబ్బరు" బదులు "రంబరు" అని అచ్చయింది. అచ్చుతప్పు మనదా ప్రెస్సువారిదా అన్నది వదిలేశాం, మళ్లీ వేయించి ఇళ్లకు పంపాం. మొదట వేసిన పత్రమే దాచుకుంటామని ఇద్దరూ అన్నారు. పతకాలు పెట్టలేదు, నగదే ఇచ్చాం. గుడ్‌ఇయర్ గారిని తలచుకుని తీసుకున్న నిర్ణయం అది.

మిగిలిన పనులు క్లుప్తంగా. ఇండియన్ రబ్బర్ ఇన్‌స్టిట్యూట్ డిప్లొమా పరీక్షకు కూర్చుంటున్న కార్మికుల పిల్లలు ఇద్దరికి సంఘం ఫీజు కట్టింది. మిల్లుల ఆపుదల తీగలు తనిఖీ చేశాం. కొన్ని చోట్ల తీగ ఉంది గాని లాగితే మిల్లు ఆగలేదు, ఒక చోట దానికి తువాలు ఆరేసి ఉంది. రోలర్ల మధ్య చెయ్యి పడితే ఆ తీగ తప్ప దిక్కు లేదు. ఆ షెడ్ల యజమానులతో విడిగా మాట్లాడాం, మళ్లీ తనిఖీ ఉంటుంది. కార్బన్ బ్లాక్ బస్తాలు విప్పేచోట మాస్కులు ఇచ్చాం. వాడుతున్నది కొందరే.

వచ్చే ఏడాది నామినేషన్ ఫారాలు సంఘం ఆఫీసులో సిద్ధంగా ఉన్నాయి. యజమానులు తమ పేరు గాని, ఇంకా వాటా రాయని అబ్బాయిల పేరు గాని రాయవద్దని ఈసారి ఫారం మీదే అచ్చు వేయించాం.

ఇట్లు,
కార్యదర్శి,
ఆటోనగర్, విజయవాడ