ప్రతిభ గల పిల్లల మనసునూ చూడాలి

సంపాదకులకు నమస్కారములు.

తెలివైన పిల్లలను వెతికి పట్టుకోవడంలో మన తెలుగు రాష్ట్రాలు ఏనాడూ వెనుకబడలేదు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య, ఆ తర్వాత వచ్చిన తాడికొండ, కొడిగెనహళ్లి పాఠశాలలు, 1986 జాతీయ విద్యావిధానంతో విస్తరించిన నవోదయ విద్యాలయాలు ఎందరో పల్లెటూరి పిల్లలకు దారి చూపాయి. అయితే ప్రవేశ పరీక్ష పెట్టి బిడ్డ తెలివిని కొలుస్తున్న మనం, ఆ తెలివిని మోయవలసిన పసి మనసు ఎలా ఉందో అడగడం లేదన్నదే ఉపాధ్యాయుడిగా నా ఆవేదన.

నవోదయలో ఆరో తరగతికి ఎంపికైన పిల్లవాడు అంతవరకు తన ఊరి బడిలో అందరికన్నా ముందుంటాడు. ఇక్కడికి వచ్చాక తరగతిలోని 80 మందీ తమ తమ బడుల్లో అలా ముందున్నవారే. తొలి పరీక్షలో వెనుకబడితే, ఆ సంగతి తన మీద ఆశలన్నీ పెట్టుకున్న ఇంటివారికి చెప్పుకోలేడు, పక్క మంచం మీది పిల్లవాడితోనూ పంచుకోలేడు. దిగులుగా కనిపించినా, 'చురుకైనవాడివి, నీకేం భయం' అని పెద్దలు అనే మాటే అతని నోరు కట్టేస్తుంది. మామూలు బడిలో మిగిలిపోయిన ప్రతిభావంతుల కష్టం వేరు. చెప్పిన పాఠమే మళ్లీ వింటూ విసుగెత్తి ప్రశ్నలు వేస్తే అతి తెలివి అంటారు. ఆ మాట పడలేక కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, తెలిసిన జవాబు కూడా చెప్పడం మానేస్తారు.

ఇటువంటి పిల్లలను న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త లీటా హాలింగ్‌వర్త్, బుద్ధి వయసును మించి పెరిగినా భావోద్వేగాలు వయసుకు తగ్గట్టే ఉంటాయని, తమ ఆసక్తులను పంచుకునే ఈడువారు దొరక్క వారు ఒంటరులవుతారని చాలాకాలం కిందటే గుర్తించారు. చావు గురించి, అన్యాయం గురించి పెద్దవారిలా అడిగే ఎనిమిదేళ్ల పిల్ల, ఆ రాత్రి నిద్రపట్టక ఏడ్చేది ఎనిమిదేళ్ల పిల్లలాగానే.

2020 జాతీయ విద్యావిధానం ప్రతిభ గల పిల్లలను గుర్తించి ప్రోత్సహించేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఉండాలని, ఒకే ఆసక్తి ఉన్నవారు కలుసుకునే క్లబ్బులు ఏర్పరచాలని చెప్పింది. ఆ క్లబ్బులను పోటీ పరీక్షల తర్ఫీదుగా మార్చకుండా, పిల్లలకు స్నేహితులు దొరికే చోటుగా నడపాలి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడాన్ని వీలైనంతవరకు మానుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. వీటిని పాటించేటప్పుడు కౌన్సెలర్ దగ్గరకు చదువులో వెనుకబడినవారినే పంపి ఊరుకోకూడదు. పై ర్యాంకుల పిల్లలతోనూ ఆయన తరచూ విడిగా మాట్లాడాలి, ఆ మాటల్లో మార్కుల ప్రస్తావన రాకూడదు. వార్డెన్‌కే ఈ బాధ్యత అప్పగిస్తే పిల్లలు మనసు విప్పరు. శిక్షించే అధికారం ఉన్నవారికి ఏ పిల్లవాడూ భయం చెప్పుకోడు.

మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలి మానస్ సహాయ కేంద్రం నంబరు 14416ను వసతి గృహాల గోడల మీద రాయించడం మంచిదే. దానితోపాటు, ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరూ పక్కన నిలబడకుండా పిల్లలు ఆ నంబరుకు మాట్లాడుకునే ఫోనును ప్రతి వసతి గృహంలోనూ ఏర్పాటు చేయాలని రెండు ప్రభుత్వాల విద్యాశాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ